ఒంటిమీద ఉంటేనే రక్ష

గోదావరి నడుమ ఒక లంక ఊరు. లంకవాళ్ళకు పడవే బస్సు. కూలికి పోవాలన్నా పడవే. ఆసుపత్రికి పోవాలన్నా పడవే.

ఆ రోజు అత్తాకోడళ్ళు రేవుకు వచ్చారు. వెంట ఆరేళ్ళ పాప ఉంది. అవతలి ఒడ్డున చుట్టాల పెళ్ళి. శ్రావణమాసం. గోదావరి ఎర్రనీళ్ళతో వడిగా పారుతోంది.

పడవలో ఒక మూల లైఫ్ జాకెట్లు కుప్పగా పడి ఉన్నాయి. నారింజ రంగువి. వాటిమీద ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన ఒకదాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

కోడలు ఒకటి తీసి అత్తకు ఇచ్చింది. అత్త నవ్వింది.

"ఒంటిమీద జాకెట్టు ఉంది కదమ్మా! దానిమీద ఇంకో జాకెట్టా? పట్టుచీర నలిగిపోతుంది. నలభై ఏళ్ళుగా ఈ ఏరు దాటుతున్నాను. నాకేమయింది?"

"చీర నలిగితే ఇస్త్రీ చేయించుకోవచ్చు అత్తయ్యా. మీకు ఈత వచ్చా?"

"రాదు."

"నాకూ రాదు. పాపకూ రాదు."

"ఇక్కడే ఉన్నాయి కదే. ఏదన్నా అయితే అప్పుడు వేసుకుందాం."

"అప్పుడు టైమెక్కడుంటుంది అత్తయ్యా? కచ్చులూరు సంగతి మరిచిపోయారా?"

అత్త నవ్వు ఆగిపోయింది.

కచ్చులూరులో ఏం జరిగింది?

2019 సెప్టెంబరు 15. ఆదివారం. గోదావరి వరదమీద ఉంది. పాపికొండలు చూడటానికి ఒక బోటు బయలుదేరింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. దేవీపట్నం దాటాక, కచ్చులూరు దగ్గర ఆ బోటు మునిగిపోయింది. కచ్చులూరు ఊరివాళ్ళు పడవలేసుకుని పరుగున వచ్చారు. నీళ్ళమీద తేలుతున్నవాళ్ళను బయటకు లాగారు. 26 మంది బతికారు. మిగతావాళ్ళు ఇళ్ళకు తిరిగి రాలేదు.

ఆ బోటులో కొందరు జాకెట్లు విప్పి పక్కన పెట్టారు. బతికి వచ్చినవాళ్ళే ఈ మాట చెప్పారు. పడవ తిరగబడటానికి క్షణం చాలు. జాకెట్టు వెతికి, తొడిగి, బెల్టులు పెట్టుకోవడానికి ఆ క్షణం చాలదు.

జాకెట్టు మనిషిని ఎలా తేలుస్తుంది?

బావిలో నీళ్ళు తోడటం అందరికీ తెలుసు. బిందె నీళ్ళలో ఉన్నంతసేపు బరువు తెలియదు. పైకి వచ్చాకే చేతులు లాగుతాయి. మనిషి ఒళ్ళు కూడా అంతే. నీళ్ళలో తేలికవుతుంది. ముక్కు, నోరు నీటిపైన నిలవాలంటే కొంచెం ఆసరా కావాలి. పెద్దవాళ్ళకు 3 నుంచి 5 కిలోల బరువు మోసే ఆసరా ఉంటే చాలు. అది జాకెట్టు ఇస్తుంది.

జాకెట్టు లోపల ఫోమ్ ఉంటుంది. ఫోమ్ నిండా సన్నటి గదులు. గదుల్లో గాలి. ఆ గాలే మనిషిని పైకి లేపుతుంది. జాకెట్టుమీద కూర్చుంటే ఫోమ్ నలుగుతుంది. గాలి తగ్గుతుంది. అప్పుడు అది ప్రాణం కాపాడే వస్తువు కాదు, ఉత్త పరుపు ముక్క. అందుకే దానిమీద కూర్చోకూడదు. తలగడగా పెట్టుకోకూడదు.

మంచిది ఎలా ఏరుకోవాలి?

కోడలు రెండు జాకెట్లు పక్కన పడేసింది. ఒకదానికి బెల్టు తెగింది. ఒకటి చిరిగి ఫోమ్ బయటపడింది. మూడోది తిప్పి చూసింది. లోపల ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి ఆమెకు రావు. అంకెలు మాత్రం వచ్చు. రాత్రి బడిలో నేర్చుకుంది.

"40 నుంచి 60 అని ఉంది అత్తయ్యా. ఇవి కిలోలు. మీకు సరిపోతుంది."

ఒకరి రవికె ఇంకొకరికి పట్టదు. ఇదీ అంతే. మనిషి బరువుకు తగినది తీసుకోవాలి.

ఎలా తొడుక్కోవాలి?

ముందు కొంగు నడుముకు చుట్టి దోపుకోవాలి. జాకెట్టు చీరమీద వేసుకోవాలి. జాకెట్టు పైన కొంగు కప్పుకోకూడదు. జిప్పు ఉంటే పైదాకా లాగాలి. బెల్టులన్నీ పెట్టి బిగించాలి. ఊపిరి ఆడాలి, జాకెట్టు మాత్రం కదలకూడదు.

తరవాత ఒక పరీక్ష. రెండు చేతులూ పైకెత్తాలి. పక్కవాళ్ళు భుజాల దగ్గర పట్టుకుని జాకెట్టును పైకి లాగాలి. అది గడ్డం దాటి చెవులదాకా వస్తే వదులుగా ఉన్నట్టు. మళ్ళీ బిగించాలి. లేకపోతే నీళ్ళలో జాకెట్టు పైకి పోతుంది, మనిషి కిందికి జారుతుంది.

పిల్లలకు పిల్లల జాకెట్టే వేయాలి. మెడ వెనక పట్టీ, కాళ్ళ మధ్యనుంచి బెల్టు ఉన్నది మంచిది. పెద్దవాళ్ళ జాకెట్టులోంచి పిల్ల జారిపోతుంది. పిల్లను తల్లి జాకెట్టులో దోపడం కూడా ప్రమాదమే.

నీళ్ళలో పడితే?

కేకలేస్తూ చేతులు కొట్టుకోకూడదు. బలం పోతుంది. వెల్లకిలా తేలాలి. వడిగా పారే ఏట్లో కాళ్ళు ముందుకు పెట్టుకోవాలి. రాయి, చెట్టు తగిలితే కాళ్ళకే తగులుతుంది, తలకు తగలదు. ఎదురీత వద్దు. ప్రవాహంతో పోతూ, మెల్లగా ఒడ్డువైపు జరగాలి.

వేరేవాళ్ళు మునుగుతుంటే?

ఈత రానివాళ్ళు దూకకూడదు. తాడు విసరాలి. గెడ అందించాలి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసరాలి. ఏమీ లేకపోతే చీర ఉంది. 2020 ఆగస్టులో తమిళనాడు పెరంబలూరు జిల్లాలో కుర్రాళ్ళు నలుగురు నీళ్ళలో మునిగిపోతున్నారు. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళు తమ చీరలు విప్పి విసిరారు. ఇద్దరిని ఒడ్డుకు లాగారు. సిగ్గుకన్నా ప్రాణం పెద్దదని వాళ్ళు చూపించారు.

రేవులో ఏం జరిగింది?

కోడలు జాకెట్లు లెక్కపెట్టింది. పనికొచ్చేవి 14. అందులో పిల్లలవి 2. ఎక్కిన మనుషులు 22.

"బాబూ, మిగతా 8 మందికి ఏవి?" అని పడవవాణ్ణి అడిగింది.

"రోజూ ఇంతమందిమీ దాటుతున్నాం కదమ్మా. పది నిమిషాల దారి."

"మునగడానికి పది నిమిషాలు కూడా అక్కర్లేదు బాబూ. రెండు విడతలుగా తీసుకుపో."

"డీజిలు ఎవరిస్తారు?"

పడవలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అత్త లేచింది. జాకెట్టు తొడుక్కుని బెల్టు పెట్టుకుంది.

"మనిషికి రెండు రూపాయలు ఎక్కువ ఇస్తాం. రెండుసార్లు తిప్పు. ఈ ఏరు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. అందుకే చెబుతున్నాను."

ఆడవాళ్ళంతా అవునన్నారు. జాకెట్లమీద కూర్చున్న ఇద్దరూ లేచారు. 8 మంది దిగి రెండో విడతకు ఆగారు. పెళ్ళికి అరగంట ఆలస్యమైంది. అందరూ చేరారు.

గుర్తుంచుకోండి

• జాకెట్టు పడవలో ఉంటే చాలదు. ఒంటిమీద ఉండాలి.
• పడవ ఎక్కకముందే తొడగాలి. దిగాకే విప్పాలి.
• జాకెట్లకన్నా మనుషులు ఎక్కువైతే ఎక్కకూడదు.
• అందరూ ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది. కదలకుండా కూర్చోవాలి.
• తడిసిన జాకెట్టును నీడలో ఆరబెట్టాలి.

మాట్లాడుకోండి

1. జాకెట్టుమీద ఎందుకు కూర్చోకూడదు?
2. జాకెట్టు వదులుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?
3. మీ రేవులో పడవకు ఎన్ని జాకెట్లు ఉన్నాయి? ఎంతమందిని ఎక్కిస్తున్నారు? లెక్కపెట్టి రాయండి.