ముందు పళ్ళు లెక్కపెట్టండి

"బండి గుంజుతలేదన్నా." కరీంనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట వినిపిస్తుంది. దాని వెంటే ఇంకో మాట: "పెద్ద బండి తీసుకోవాలె." ఈ రెండు మాటల నడుమ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. ఎక్కడ గుంజుతలేదు? రాజీవ్ రహదారి మీదనా, కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడా, ఉట్నూరు పక్క పత్తి చేల నడుమ బురద బాటలోనా? దీనికి జవాబు చెప్పలేనివారికి 200 సీసీ చాలదు. 400 సీసీ కొన్నా చాలదు.

చదువు, ఉద్యోగం, వ్యాపారం గురించి కూడా మనం ఇట్లాగే మాట్లాడతాం. "నాతో కావట్లేదు" అంటాం. ఏది కావట్లేదో, ఏ పూట కావట్లేదో చెప్పం. అందుకే ఈసారి పాఠం బండి చైన్ దగ్గర మొదలుపెడదాం. చైన్ అబద్ధం చెప్పదు, లెక్క చెప్తుంది.

ఆ లెక్క ఐదో తరగతి పిల్లలూ చేయగలరు. ఇంజిన్ దగ్గర చైన్‌ను తిప్పే చిన్నది ముందు స్ప్రాకెట్. వెనక చక్రానికి బిగించిన పెద్దది వెనక స్ప్రాకెట్. వెనక పళ్ళను ముందు పళ్ళతో భాగించండి. ముందు 13, వెనక 39 ఉంటే 3 వస్తుంది. అంటే చిన్నది మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు ముందు 12 పళ్ళది వేయండి. ఆ అంకె 3.25 అవుతుంది. చక్రం దగ్గర లాగుడు 8 శాతం పెరిగింది. కానీ ఇంజిన్ అంతే జోరుగా తిరుగుతున్నా, మునుపు 80 కిలోమీటర్ల వేగంతో పోయిన బండి ఇప్పుడు 74 దగ్గరే ఉంటుంది. హైవే మీద ఇంజిన్ ఎక్కువ అరుస్తుంది, పెట్రోలు కొంత ఎక్కువ తాగుతుంది. ఇంజిన్ శక్తి వీసమెత్తు కూడా పెరగలేదు. ఉన్నదాన్ని వేగానికి వాడాలా, లాగుడుకు వాడాలా అన్నది మాత్రం మీరు నిర్ణయించారు.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే ఉపన్యాసాల్లో ఎక్కువ భాగం ఇక్కడే తప్పుతుంది. "మీలో అపార శక్తి ఉంది" అని చప్పట్లు కొట్టించి పంపుతారు. ఉండొచ్చు. రేపు పొద్దున చేతిలో ఉండేది మాత్రం 24 గంటలూ ఒక ఒళ్ళూ. ఏది కావాలో చెప్పడం తేలిక. దానికోసం ఏది వదులుకుంటారో కూడా చెప్పగలిగితేనే అది నిర్ణయం.

సీసీ ఒకటే అయినా పని వేరైతే ఈ పళ్ళ లెక్క, అంటే గేరింగ్, ఎంత మారుతుందో చూడండి. డకార్ ర్యాలీలో 2011 నుంచి బైకులకు 450 సీసీ పరిమితి ఉంది. మోటోక్రాస్‌లో పెద్ద తరగతి బండ్లూ 450 సీసీవే. ఎడారిలో రోజంతా దూరాలు కోయాల్సిన ర్యాలీ బండికి వేగం నిలబడే పొడుగు గేరింగ్ (ఆ అంకె తక్కువ) కావాలి. మలుపు తిరగ్గానే ఎగబాకాల్సిన మోటోక్రాస్ బండికి పొట్టి గేరింగ్ (అంకె ఎక్కువ) కావాలి. 2024 డకార్‌లో ర్యాలీ-2 తరగతి గెలిచిన కేరళ కుర్రాడు హరిత్ నోవా బండి సెట్టింగ్ తెచ్చి మన బురద గట్టు మీద పెడితే తడబడుతుంది. యూట్యూబ్‌లో చూసి పళ్ళు మార్చేవారికి ఈ మాట చెప్పాలి. ఆ వీడియోలో మనిషి బరువెంత, వెనక ఎవరైనా కూర్చున్నారా, నేల ఏ రకం? గోదావరిఖనిలో నైట్ షిఫ్టు చేసి తెల్లారి ఇల్లు చేరే మనిషికి "పొద్దున 4 గంటలకు లేవండి" అని చెప్పడం కూడా ఇట్లాంటి సలహానే.

ఇక నేల సంగతికి వద్దాం. కరీంనగర్ నుంచి కొండగట్టు, జగిత్యాల దాటి, గోదావరి మీదుగా నిర్మల్ చేరి, 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి మహబూబ్ ఘాట్ పైకి పోయేదాకా మీ ఆఫ్‌రోడ్ బండికి పనే లేదు. అంతా తారు. ఇచ్చోడ, గుడిహత్నూర్ దాటి ఉట్నూరు వైపు తిరిగినా తారే. కెరమెరి ఘాట్ కూడా తారు రోడ్డే, కంపెనీ ఇచ్చిన గేరింగ్‌తో హాయిగా ఎక్కేస్తుంది. పరీక్ష మొదలయ్యేది రోడ్డు దిగి గూడేల బాట పట్టాక. ఒర్రె దాటగానే నిట్టనిలువు గడ్డ, దాని మీద తేలిన రాళ్ళు. అక్కడ నడిచే మనిషి వేగంతో పోవాలి. ఫస్ట్ గేర్‌లో కూడా బండి ఆగిపోతుందేమోనని హాఫ్ క్లచ్ పట్టుకునే ఎక్కుతున్నారా? సెకండ్‌లో చస్తోంది, ఫస్ట్‌లో అరుస్తోందా? అయితే గేరింగ్ పొడుగైంది. క్లచ్ ప్లేట్లు కాల్చే బదులు ఒక పన్ను తగ్గించండి. దిగేటప్పుడు ఇంజిన్ కూడా బండిని గట్టిగా పట్టి ఆపుతుంది, బ్రేకు మీద భారం తగ్గుతుంది. చాలామంది ఎక్కడం గురించే ఆలోచిస్తారు గానీ, కొత్తవారు దిగేటప్పుడు కూడా పడతారు.

వానాకాలం నల్లరేగడిలో కథ అడ్డం తిరుగుతుంది. ఆ మట్టి తడిసి ఉబ్బి టైరు గాడుల్లో నిండుతుంది, మడ్‌గార్డు కింద ఇరుక్కుంటుంది, గుండీల్లాంటి బుడిపెలున్న ఆ టైరును నున్నగా చేసేస్తుంది. ఇప్పుడు పట్టు లేదు. లాగుడు ఎంత పెంచితే చక్రం అంత వట్టిగా తిరుగుతుంది, తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగుతుంది. ఇక్కడ అనుభవం ఉన్నవాడు సెకండ్ గేర్ వేసి, యాక్సిలరేటర్ సగం కూడా తిప్పకుండా, ఆగకుండా నెమ్మదిగా పోతాడు. ఇంట్లో మాట వినని కొడుకు మీద, ఆఫీసులో కదలని ఫైలు మీద మనం చేసేది దీనికి పూర్తిగా ఎదురు. కదలకపోతే ఇంకా గట్టిగా తిప్పుతాం. పట్టు లేని చోట బలం పెంచడం తెలివి తక్కువ పని. (పక్కనున్న పత్తి చేను కాస్త గట్టిగా ఉందని అందులోకి తిప్పేవాళ్ళుంటారు. అది రైతు ఏడాది కష్టం, మీ ట్రాక్ కాదు. కవ్వాల్ అడవి 2012 నుంచి టైగర్ రిజర్వ్. అక్కడ రోడ్డు దిగనే కూడదు.)

పళ్ళు మార్చే ముందు ఇంకో పని ఉంది. లాగని బండ్లలో చాలావాటికి రోగం గేరింగ్‌లో ఉండదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. చైన్ మరీ బిగుతుగా ఉంటుంది, లేదా నూనె చూసి నెలలై ఉంటుంది. టైర్లలో గాలి సరిపోదు. బ్రేకు పట్టేసి ఉంటుంది. క్లచ్ జారుతుంటుంది. ఇవన్నీ చూసుకున్నాక కూడా ఎక్కకపోతే అప్పుడు స్ప్రాకెట్ మాట. ఉద్యోగం మారాలని తొందరపడే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను ముందు అడిగేది కూడా ఇదే. నిద్ర సరిగ్గా పోతున్నారా? అప్పు ఏమైనా నెత్తిన ఉందా? ఫోన్ ఎన్ని గంటలు చూస్తున్నారు? సగం మందికి ఉద్యోగం మారే మాట ఆ ముచ్చట దగ్గరే ఆగిపోతుంది.

మార్చాలనుకుంటే ముందుదాన్ని మార్చండి, ఒక్క పన్ను. వెనక మూడు పెంచినంత తేడా దానితోనే వస్తుంది. ఖర్చు తక్కువ, పని చిన్నది, నచ్చకపోతే పాతది తిరిగి బిగించొచ్చు. వెనకది మార్చాలంటే చక్రం విప్పాలి, చైన్ పొడవు కూడా చాలకపోవచ్చు. తిరిగి వెనక్కి రాగలిగే నిర్ణయాన్ని మొదట ప్రయత్నించడం పిరికితనం కాదు, లెక్క తెలిసినవారి పద్ధతి. అయితే ముందు పళ్ళు మరీ తగ్గిస్తే చైన్ చిన్న వలయంలో గట్టిగా వంగి తొందరగా అరుగుతుంది, వెనక ఫోర్కుకు రాసుకుంటుంది. రెండు పళ్ళు తగ్గించాల్సినంత అవసరం ఉంటే వెనకది పెంచడమే మేలు. చైన్ బాగా సాగి ఉంటే స్ప్రాకెట్ ఒక్కటే కొత్తది వేయకండి. పాత చైన్ కొత్త పళ్ళను తినేస్తుంది, మొత్తం సెట్ మార్చాల్సిందే. మీటరు గేర్ బాక్సు నుంచి వేగం చదివే బండి అయితే అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది, మైలేజీ పెరిగిందని మురిసిపోకండి.

చివరగా నా తీర్పు. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో ఉంటూ ఎప్పుడో ఒక ఆదివారం అడవి బాట చూసే వారు కంపెనీ గేరింగ్ ముట్టుకోవద్దు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనండి, హాఫ్ క్లచ్ మీద చేయి కుదిరేదాకా సాధన చేయండి. ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ వైపు పనిమీద వారమంతా మట్టి బాటల్లో తిరిగే టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు ముందు ఒక పన్ను నిస్సంకోచంగా తగ్గించుకోవచ్చు. మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు మీ బరువు, మోసే సామాను, వెనక ఎవరైనా కూర్చుంటారా, రోజూ పోయే బాట ఏది అన్నవి ముందు చెప్పండి. ఆ నాలుగూ అడగకుండానే స్ప్రాకెట్ చేతికిచ్చేవాడి దగ్గర కొనకండి.