శిక్ష కాదు, చికిత్స

మాదకద్రవ్యాలకు బానిసైన వ్యక్తి నేరస్థుడా, రోగియా? పోర్చుగల్ దేశం ఈ ప్రశ్నకు 2001లో చట్టరూపంలో సమాధానం చెప్పింది. అంతకుముందు దశకంలో హెరాయిన్ వ్యసనం, దాని వెంట హెచ్.ఐ.వి. ఆ దేశాన్ని కుదిపివేశాయి. అరెస్టులు వ్యసనాన్ని మాన్పలేదు. పైగా శిక్షాభయం రోగిని వైద్యునికి దూరం చేసింది.

2001 జూలై 1న అమలులోకి వచ్చిన చట్టం, పది రోజుల వాడకానికి మించని మాదకద్రవ్యంతో పట్టుబడినవారిని న్యాయస్థానానికి కాక, ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు పంపింది. న్యాయ, ఆరోగ్య, సామాజిక సేవారంగాలు తెలిసిన ఆ సభ్యులు అతని జీవన పరిస్థితులను అడిగి తెలుసుకొంటారు. వ్యసనపరుడు చికిత్సకు అంగీకరిస్తే విచారణను నిలిపివేస్తారు. అయితే మాదకద్రవ్యాల విక్రయం అక్కడ నేటికీ నేరమే. చట్టంతోపాటు చికిత్సాకేంద్రాలనూ విస్తరించారు. తరువాతి సంవత్సరాలలో సూదుల ద్వారా హెచ్.ఐ.వి. సోకడం బాగా తగ్గింది.

మన దేశంలోనూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు లభిస్తుంది. చికిత్సను మధ్యలో మానివేస్తే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. చట్టం ఇవ్వగలిగింది అంతవరకే. వ్యసనపరుని వెలివేయక, అతనిని చికిత్సకు ఒప్పించవలసిన బాధ్యత కుటుంబానిది, సమాజానిది.

ప్రశ్న: పోర్చుగల్ సంఘం పనితీరును, 64ఎ సెక్షన్‌ను పోల్చి వివరించండి.