ప్రమాదస్థలంలో ప్రథమ చికిత్స: పౌరులకు శిక్షణ

శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. ఆ దారిలో గాయపడినది పంజాబుకు చెందిన లారీ డ్రైవరు కావచ్చు; అతనిని ముందుగా చేరుకొనేది పక్క పొలంలోని రాయలసీమ రైతు కావచ్చు. ఒకరి భాష మరొకరికి తెలియదు. అయినను అంబులెన్సు వచ్చేలోగా ఒకరి ప్రాణం మరొకరి చేతిలో ఉంటుంది.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది మరణించారు. తీవ్ర రక్తస్రావం, శ్వాసమార్గం మూసుకుపోవడం కొద్ది నిమిషాలలోనే ప్రాణం తీయగలవు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ అనేక రాష్ట్రాలకు విస్తరించింది. అయితే ఎంత వేగంగా వచ్చే వాహనానికైనా కొంత వ్యవధి తప్పదు. ఆ వ్యవధిని సద్వినియోగం చేయగలవారు టీ దుకాణదారులు, ఆటో డ్రైవర్లు, పెట్రోలు బంకు సిబ్బంది, విద్యార్థులు. శిక్షణ అవసరమైనది వీరికే.

శిక్షణలో మొదటి పాఠం స్వీయ భద్రత. వెనుక వచ్చే వాహనాలను హెచ్చరించి, 108కు గాని 112కు గాని ఫోను చేసి, స్థలమును, క్షతగాత్రుల సంఖ్యను తెలుపవలెను. రక్తం కారుచున్న చోట శుభ్రమైన గుడ్డనుంచి విడువక గట్టిగా అదిమి పట్టవలెను. గుచ్చుకొన్న వస్తువును పెరికివేయరాదు. శ్వాస ఆగినచో ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కవలెను.

చేయరాని పనులను నేర్పడమూ ముఖ్యమే. జాలితో నోట నీరు పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తితే దెబ్బతిన్న వెన్నెముకకు మరింత హాని కలుగవచ్చు. మంటల వంటి అపాయం ఉంటే తప్ప కదల్చరాదు. ఇవి విన్నంత మాత్రాన అలవడవు. బొమ్మలపై అభ్యాసం చేయించి, అప్పుడప్పుడు పునశ్చరణ జరపాలి.

తెలిసినవారిని సైతం వెనుకకు లాగేది పోలీసులు, కోర్టుల భయం. ప్రాణరక్షణే ప్రథమ కర్తవ్యమని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. సహాయకుల రక్షణకై రూపొందిన మార్గదర్శకాలను 2016 మార్చి 30న ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షను, సద్భావంతో సాయపడినవారిని సివిలు, క్రిమినలు చర్యల నుండి కాపాడుతుంది. పేరు చెప్పమని వారిని నిర్బంధించరాదు. కనుక చికిత్సా విధానంతో పాటు ఈ హక్కులను కూడా బోధించినప్పుడే శిక్షణ సంపూర్ణమవుతుంది.

క్షతగాత్రుని ఊరు, కులం, మతం అడగనిది ప్రథమ చికిత్స. ఆ విద్య నేర్చిన పౌరుడున్న చోట బాటసారి పరదేశి కాడు.