పొగకూ ఒక పద్దు

షేర్ మార్కెట్‌లో వాటాలున్న ప్రతి కంపెనీ ఏటా తన లాభనష్టాలు బయటపెట్టాలని మీరు వినే ఉంటారు. మరి అది వదిలిన పొగకూ, వాడిన నీటికీ లెక్క అడిగేదెవరు? మన దేశంలో సెబీ అడుగుతుంది. 2021లో అది ఒక నమూనా పత్రం తయారుచేసింది. మార్కెట్ విలువలో మొదటి 1000 కంపెనీలకు 2022-23 నుంచి దాన్ని నింపడం తప్పనిసరి అయింది.

పొగను మూడు పద్దుల కింద రాస్తారు. సొంత బాయిలర్లో మండిన బొగ్గు, సొంత లారీల డీజిలు మొదటిది. కొన్న కరెంటు రెండవది. పొగ వచ్చేది థర్మల్ కేంద్రంలోనైనా, కరెంటు వాడుకున్నది కంపెనీయే కదా! ముడిసరుకు తయారీ, అమ్మిన వస్తువు వాడకం మూడవది. పెట్రోలు కార్లు చేసే కంపెనీకి ఇదే అన్నిటికన్నా పెద్దది. అయినా 2021 పత్రం దీన్ని కంపెనీల ఇష్టానికే వదిలేసింది.

ఇప్పుడొక లెక్క చేయండి. ఒక కంపెనీ నిరుడు 100 కోట్ల అమ్మకాలకు 1000 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలిందనుకుందాం. ఈ ఏడు 150 కోట్లకు 1200 టన్నులు. కోటికి ఎంత? నిరుడు 10 టన్నులు, ఈ ఏడు 8. "20 శాతం తగ్గించాం" అని ప్రకటిస్తే అబద్ధం కాదు. కాని గాలిలోకి 200 టన్నులు ఎక్కువే చేరింది! సరుకు ధర పెంచినా చాలు, కోటికి వచ్చే టన్నులు తగ్గినట్టే కనిపిస్తాయి.

సెబీ పత్రంలో రెండు అంకెలకూ గడులున్నాయి, నిరుటివి పక్కనే. మీకు తెలిసిన సిమెంటు కంపెనీ వార్షిక నివేదిక దొరికితే, ముందు మొత్తం టన్నుల గడి చూడండి.