మత్తడి లేని చెరువు
(శిబిరాలలో పిల్లల మానసిక అలజడి – నివారణ)

ఏడుపాయల జాతర గురించి మెదక్ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట, రాళ్ల నడుమ వనదుర్గా భవాని గుడి ఉన్నది. మహాశివరాత్రి మొదలు మూడు రోజులు అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. బోనాలు, బండ్లు తిరుగుడు, రథం, డప్పులు, రంగురంగుల దీపాలు, నలుదిక్కులా మైకులు!

ఒక శివరాత్రికి మేము కొందరం విద్యార్థులం అక్కడ సేవా శిబిరంలో ఉన్నాము. వరుసలు సరిచేయడం, మంచినీళ్లు పోయడం, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు అప్పజెప్పడం మా పని. మాతోబాటు ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పదహారేళ్ల తమ్ముడొకడు వచ్చాడు. పొద్దంతా హుషారుగా పనిచేసినవాడు రాత్రి తొమ్మిది వేళకు చెవులు మూసుకొని ఒక మూలన కూచున్నాడు. “ఏమైందిరా?” అంటే, “ఏం సమజైతలేదన్నా, అందరూ ఒక్కసారే నా తలకాయల ఒర్రినట్టున్నది. ఇంటికి పోత” అన్నాడు.

నేను నవ్వి, “ఇంత పిరికోడివి ఎందుకొచ్చినవ్‌రా?” అన్నాను. పక్కనున్న నలుగురూ నవ్వారు. వాడు లేచి చీకట్లో రాళ్ల వైపు నడిచిపోయాడు. అటు పక్క నీళ్లు. మేము వెతికి పట్టుకునేసరికి అరగంట పట్టింది.

ఆ అరగంట నేను పడ్డ భయం ఇంకా మరువలేదు. జీవశాస్త్రం చదువుతున్నవాణ్ణి, వాడిది పిరికితనం కాదని అందరికన్నా ముందు నాకే తెలియాలి కదా!

శరీరంలో ఏమి జరుగుతుంది?

కన్ను, చెవి, ముక్కు, చర్మం ద్వారా క్షణక్షణం వచ్చే సమాచారాన్ని మెదడు వడపోస్తుంది. అవసరమైనదానిపై మనసు పెట్టి, మిగిలినదాన్ని వదిలేస్తుంది. కానీ చప్పుడు, వెలుగు, రద్దీ, ఆకలి, నిద్రలేమి అన్నీ ఒకేసారి మీద పడితే ఆ వడపోత చాలదు. అప్పుడు సహానుభూత నాడీవ్యవస్థ ఆపద వచ్చినట్టే పనిచేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి. కొందరు ఊరికే కోపపడతారు, కొందరు ఏడుస్తారు, కొందరు మా తమ్ముడిలాగ మాట పడిపోయినట్టు అవుతారు. ఇది మొండితనమూ కాదు, నాటకమూ కాదు.

1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చిట్టెలుకలపై ప్రయోగాలు చేశారు. కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ఉద్దీపన మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఫలితం తగ్గుతుందని, మధ్యస్థంగా ఉంటే మేలని వారు గమనించారు. మనిషికీ ఇంచుమించు ఇదే వర్తిస్తుంది. కొంత సందడి ఉంటేనే హుషారు. మితిమీరితే అదే బరువు.

పదహారేళ్ల వయసులో ఈ బరువు మరింత ఎక్కువ. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల ప్రాంతం వరకు ఎదుగుతూనే ఉంటుంది. (అంటే నాకు కూడా ఇంకా పూర్తి కాలేదన్నమాట!) ఈ వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. శిబిరంలో రాత్రి ఆటపాటలు, తెల్లవారుజామున ప్రభాతభేరి, నిద్రకు చోటేది?

చప్పుడు లెక్క

మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. ప్రతి 10 డెసిబెల్స్‌కు ధ్వని తీవ్రత పదింతలవుతుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. పెద్ద స్పీకరు ఎదుట ఇది 100 దాటవచ్చును. అంత చప్పుడులో పావుగంటకు మించి ఉండడం చెవికి క్షేమం కాదు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో మళ్లీ పుట్టవు. అయితే ఒక సులువున్నది: ఆరుబయట స్పీకరు నుండి దూరం రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక నాలుగడుగులు వెనక్కి వేయడం పిరికితనం కాదు, భౌతికశాస్త్రం!

ఏమి చేయాలి?

మాది వ్యవసాయ కుటుంబం. “కట్ట ఎంత గట్టిదైనా మత్తడి లేని చెరువు నిలువది” అంటాడు మా నాయన. ఎక్కువైన నీరు పోయే దారి ముందే ఉండాలి. వాన పడ్డంక తవ్వుతానంటే కుదరదు. మనసుకూ అంతే. శిబిరం నడిపేవారు ఈ మత్తడిని ముందే కట్టాలి.

ఒకటి: మైకులకు దూరంగా చెట్టు నీడనో, ఒక గదినో నెమ్మది స్థలంగా పెట్టాలి. అక్కడికి పోవడానికి ఎవరి అనుమతీ, ఎవరికీ సంజాయిషీ అక్కరలేదు. తోటివాడికి ఒక్క సైగ చేసి పోతే చాలు. ఒంటరిగా చీకట్లోకి నడిచే అవసరం రాకూడదు.

రెండు: రద్దీలో రెండు గంటలు పనిచేసినవారికి తరువాత నెమ్మదైన పని ఇవ్వాలి. తిండి, నీళ్లు, నిద్ర వేళకు అందాలి.

మూడు: ఎవరైనా తల్లడిల్లితే చుట్టూ మూగవద్దు. ఒక్కరే దగ్గర కూచుని, తక్కువ మాటలు, మెల్లగా మాట్లాడాలి. ప్రశ్నలు గుప్పించవద్దు. నాలుగు లెక్కించేంత సేపు ఊపిరి తీసి, ఆరు లెక్కించేంత సేపు వదలమనాలి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె నెమ్మదిస్తుంది. ఇది ఎవరైనా తమ నాడి పట్టుకుని చూసుకోవచ్చును.

నాలుగు: తేరుకున్నవాణ్ణి పూర్తిగా పక్కన పెట్టవద్దు. దేనికి భయపడ్డామో దాని నుండి ఎప్పుడూ తప్పుకుంటే భయం పెరుగుతుంది. కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి. రోజుల తరబడి నిద్ర పట్టక భయం వదలకపోతే, 2022లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చును.

ముగింపు

మర్నాడు పొద్దున నేను ఆ తమ్ముడి దగ్గరికి పోయి, “రాత్రి అట్ల అనుడు నాదే తప్పురా” అన్నాను. వాడు తల వంచుకుని, “బస్సెక్కిస్తరా అన్నా?” అని అడిగాడు. “నీ ఇష్టం. ఉంటే మాత్రం పొద్దటిపూట నీళ్లకాడ పనిచెయ్యి, రద్దీ కాంగనే చెట్టు కిందికి రా” అన్నాను. వాడు ఉన్నాడు. మూడో రోజు రథం కదిలినప్పుడు దూరంగా ఒక బండమీద నిలబడి చూశాడు. మేమందరం చూసిన రథమే వాడూ చూశాడు, కాస్త దూరం నుండి.

జాతీయ సేవా పథకం 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాలలో మొదలైంది. దాని ప్రత్యేక శిబిరం ఏడు రోజులుంటుంది. అటువంటి శిబిరాలలో శ్రమదానానికి, ఉపన్యాసాలకు, ఆటపాటలకు వేళలు రాసుకుంటాము. వచ్చే శిబిరం దినచర్యలో ఊరికే ఉండడానికి కూడా ఒక గంట రాయవలసిందిగా మన విద్యార్థి సంఘాన్ని, అధ్యాపకులను వినయంగా కోరుతున్నాను.