పిల్లలకి మొదటి టెలిస్కోప్: బాక్స్ మీద నంబర్ చూసి కొనకండి

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనొద్దని అందరికీ చెప్పే నేనే, బాక్స్ మీద ‘525ఎక్స్’ చూసి మా ఆరేళ్ల పాపకి టెలిస్కోప్ కొని బోల్తా పడ్డాను. స్టాండ్ ఊగిపోతుంటే చంద్రుడు ఒక్క క్షణం కూడా నిలవలేదు. "ఏం కనపడట్లేదు నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది.

ముందు చూడాల్సింది అపెర్చర్, అంటే ముందున్న లెన్స్ లేదా లోపలి అద్దం వెడల్పు. పనికొచ్చే మ్యాగ్నిఫికేషన్ మిల్లీమీటరుకి సుమారు 2 రెట్లే. 50 ఎంఎం స్కోప్‌లో 100ఎక్స్ దాటితే అంతా మసకే.

లెక్క ఈజీ: స్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 300 ఎంఎం స్కోప్‌కి 20 ఎంఎం ఐపీస్ పెడితే 15ఎక్స్. చంద్రుడి మీద పెద్ద గుంతలు చూడ్డానికి అది చాలు.

రెండోది స్టాండ్. చిన్నపిల్లలకి టేబుల్ మీద పెట్టే 76 ఎంఎం డాబ్సోనియన్ బెస్ట్. గట్టి టేబుల్ ఉంటే ఊగదు, చేత్తో తోస్తే తిరుగుతుంది. మా పాప ఇప్పుడు దాన్ని తనే తిప్పుకుంటోంది.

మొదటిసారి పౌర్ణమి రోజు కాకుండా సగం చంద్రుడు ఉన్నప్పుడు చూపించండి. నీడల వల్ల గుంతలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఒక్క వార్నింగ్: స్కోప్‌ని ఎప్పుడూ సూర్యుడి వైపు తిప్పనివ్వొద్దు, చూపే పోతుంది. ఐపీస్‌కి బిగించే సన్ ఫిల్టర్ బాక్స్‌లో వస్తే పారేయండి. వేడికి అది పగిలిపోవచ్చు.