నీటికి లోపలనే అడ్డుకట్ట

చిరంజీవి అబ్బాయికి, మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. నీవు పంపిన ఉత్తరమును, దానితో జతపరచిన ఛాయాచిత్రములను సావకాశముగా చూచితిని. మూడడుగుల చేపలతొట్టి అడుగున రంధ్రము చేయించి, ట్యాంకు కనెక్టరు బిగించి, స్టాండు అరలో సంపు (తొట్టినుండి దిగు నీటిని పట్టి, పంపుతో మరల పైకెత్తు చిన్నతొట్టి) పెట్టించుకొన్న కొలది దినములకే క్రింద తడి కనబడుటయు, నీవు రెంచి తెచ్చి నట్టును మరియొక చుట్టు త్రిప్పుటయు, అప్పటికిని ఆగకపోగా దాని చుట్టును ఎపాక్సీ సీలుముద్ద మెత్తుటయు, మరునాటి యుదయమునకు ఆ ముద్ద అంచునుండియే బొట్లు దిగుటయు చదివి నేను ఆశ్చర్యపడలేదు. కొళాయి కారినను, డాబా కారినను మనవారు మొదట చేయు పని యిదియే: గట్టిగా బిగించుట, పైన ఏదో యొకటి పూయుట. చేపలతొట్టి విషయమున ఈ రెండును చాలవరకు వ్యర్థములని చెప్పుటకే యీ లేఖ వ్రాయుచున్నాను.

ముందుగా నీ తొట్టిలోని నీటికి ఎంత బలమున్నదో తెలిసికొనుము. పది మీటర్ల నీటినిలువు తన అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారొక కిలోగ్రాము ఒత్తిడిని కలిగించును. ఒకటిన్నర అడుగుల లోతుగల తొట్టి అడుగున ఆ ఒత్తిడి అందులో ఇరువదవ వంతుకు మించదు. ఇంత స్వల్పమైన బలమును ఆపుటకు రెంచితో, మోకాలితో చేయు సాహసమేమియు అక్కరలేదు. అతుకు శుభ్రముగా ఉండి, వాషరు సమముగా కూర్చున్నచో చేతి బిగువే చాలును. అట్లు కూర్చుండనిచో ఎంత బిగించినను కారును, అంతటితో ఆగక వాషరు ప్రక్కకు జరిగి, ప్లాస్టికు అంచు చిట్లి, కడపట గాజు పగులును. పూతల సంగతియు ఇంతే. చెరువుగట్టుకు బుంగ పడినప్పుడు అనుభవజ్ఞుడైన నీరటికాడు వెలుపలి ముఖమున మట్టి పోయుచు కూర్చుండడు; లోపల నీరున్నవైపున బుంగ నోరు వెదకి దానిని మూయును. వెలుపల మెత్తిన ముద్దను నీరు వెనుకనుండి నెట్టుచుండును. తడిసిన ప్లాస్టికునకు అది సరిగా అంటుకొనదు గనుక, ఏదో యొక సందు చేసికొని నీరు మరల బయటపడును. అదియునుగాక, అసలు కారుచోటు ముద్దక్రింద దాగిపోయి, తరువాత వెదకువానికి కానరాదు.

ఇది చిన్న తడియే గదాయని ఉపేక్షింపకుము. ఇరువది బొట్లు సుమారొక మిల్లీలీటరగును. సెకనునకొక బొట్టు చొప్పున పడినచో దినమునకు నాలుగు లీటర్ల పైచిలుకు నీరు నీ స్టాండులోనికి దిగును. ప్లైవుడ్డు ఉబ్బును, స్టాండు ఒరుగును. 190 లీటర్ల నీటి బరువును మోయుచున్న స్టాండు ఒరుగుట ఆషామాషీ విషయము కాదు. అన్నిటికంటె ముఖ్యము, ఆ అరలోనే నీవు ప్లగ్గుల బోర్డు పెట్టినట్లు చిత్రములో కనబడుచున్నది. ఈ లేఖ చదువుట ఆపియైనను దానిని ముందుగా అచ్చటనుండి తీసి గోడకు ఎత్తుగా బిగింపుము. ప్రతి తీగయు ప్లగ్గునకు చేరుటకు ముందు కొంత క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు ఉంచుము. తీగవెంట జారు నీరు ఆ వంపున రాలిపోవునే గాని ప్లగ్గులోనికి ఎక్కదు. తొట్టిలో చేయిపెట్టు ప్రతిసారియు ప్లగ్గులు ఊడదీయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కారుచోటును కనుగొను విధము. నీరు పుట్టినచోట రాలదు. పైపువెంట జారి, అన్నిటికంటె క్రిందనున్న ఎల్బో మూలనుండి రాలును. కావున బొట్టుపడు చోటును అనుమానించుటకు ముందు దాని పైనున్న అతుకులన్నిటిని పరీక్షింపుము. పైపులన్నియు పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క అతుకుచుట్టును టిష్యూ కాగితమో, పాత వార్తాపత్రిక ముక్కయో చుట్టి, పైనుండి క్రిందికి వరుసగా చూడుము. మొదట తడిసిన కాగితమే నీకు దోషిని చూపును. మీ పేటలో బోరునీరు వాడుదురు గనుక మరియొక సాక్ష్యము కూడ లభించును: కఠినజలము కారి ఆరినచోట తెల్లని సున్నపు చార నిలుచును, ఆ చార ఎచ్చట మొదలగునో అచ్చటనే లోపము. పంపు ఆపినప్పుడు కారుట నిలిచినచో దోషము పైకిపోవు పైపులోనో, సంపులోనికి దిగు పైపులోనో ఉన్నది. పంపు ఆపినను కారుచున్నచో రంధ్రమునొద్దనో, గాజుల అతుకునొద్దనో ఉన్నది. నీ ఉత్తరమునుబట్టి చూడగా నీది రంధ్రమునొద్ద దోషమని నా నిశ్చయము. కనుక దానినే విస్తరించి వ్రాయుచున్నాను.

ట్యాంకు కనెక్టరునకు ఒకవైపున వెడల్పయిన అంచుండును, రెండవవైపున మరలమీద నట్టు ఎక్కును. రబ్బరు వాషరు ఎల్లప్పుడును అంచునకును గాజునకును నడుమ ఉండవలెను. అంచు లోపల నీటివైపున ఉండుట మేలు. నీ చిత్రమున వాషరు వెలుపల నట్టుక్రింద కనబడుచున్నది. అంగడివాడు రెండు వాషరులిచ్చినచో రెండును వేసికొనవచ్చును గాని, ఒక్కటే ఉన్నపుడు దానిని వెలుపల వేయుట పొరపాటు. ఏలయన నీరు అంచు క్రిందుగా రంధ్రములోనికి వచ్చి, మర గాడులవెంట హాయిగా దిగిపోవును, ఆ వాషరు దానిని చూచుచు ఊరకుండును. పైగా నట్టు తిరుగునప్పుడు దానితోకూడ రబ్బరు మెలిపడును. కావున తొట్టి ఖాళీచేసి, నట్టు విప్పుము. విప్పునప్పుడు ఒక హెచ్చరిక: కొన్ని కనెక్టరుల మరలు ఎడమవాటముగా ఉండును. నట్టు కదలకున్నచో బలము చూపక, ఎదురుదిక్కున త్రిప్పి చూడుము.

విప్పిన పిమ్మట నీవు మెత్తిన ముద్దయంతయు గీకివేయుము. గాజుమీది పాత సిలికాను మరకలను బ్లేడుతో తీసి, రంధ్రముచుట్టు వ్రేలు త్రిప్పి చూడుము. ఒక్క ఇసుకరేణువు, ఒక్క వెండ్రుక చాలును బొట్టు దిగుటకు. వాషరు ఒకచోట అణగి ఒకచోట లేచి ఉన్నచో, లేక గట్టిపడియున్నచో, క్రొత్తది కొనుము. దానివెల నీ చేపలలో ఒకదాని మేతకు సరిపోదు. వాషరునకు సిలికాను పూయుమని చెప్పువారు పలువురున్నారు. పూయవద్దు, తడి సిలికానుపై రబ్బరు బిగించునప్పుడు జారి ప్రక్కకు పోవును, మరల విప్పవలసినపుడు గాజునంటి పీడించును. లోపలి అంచును ఒక చేతితో కదలకుండ పట్టుకొని, వెలుపలి నట్టును రెండవ చేతితో ఆగువరకు త్రిప్పి, ఆపైన పావుచుట్టు మాత్రమే బిగించుము. అంతకుమించి వలదు.

మరలున్న అతుకులకు టెఫ్లాను టేపు చుట్టుటలో ఒక్క మెలకువ కలదు: మరకొనను నీవైపు త్రిప్పుకొని, గడియారపుముల్లు తిరుగు దిక్కున మూడు నాలుగు చుట్లు బిగువుగా చుట్టవలెను, ఎదురుగా చుట్టినచో బిగించునప్పుడు టేపు ఊడివచ్చి ముద్దయగును. ఇనుపపైపుల కాలమున జనపనారయు సఫేదాయు పెట్టెడివారు. సఫేదా సీసపు లవణము. చేపలున్నచోటికి దానిని రానీయరాదు. ఇత్తడి ఫిట్టింగులును వలదు, వానిలోని రాగి నత్తలకును రొయ్యలకును విషము. ట్యాంకు కనెక్టరు నట్టునకు మాత్రము టేపు అవసరము లేదు, ఆ మర నీటినాపునది కాదు.

సొల్యూషనుతో అతికిన పీవీసీ జోడు కారినచో పైన మరల సొల్యూషను పూయుట కాలవ్యయము. ఆ ముక్కను కోసివేసి, క్రొత్త కప్లింగు వేయవలెను. పైపును అడ్డముగా, సూటిగా కోసి, అంచుల గరుకును గీకి, రెండువైపుల పలుచగా పూసి, లోనికి నెట్టుచు పావుచుట్టు త్రిప్పి, అరనిమిషము పట్టుకొనుము. ఒక దినమారనిచ్చి, మంచినీటితో కడిగిన పిమ్మటనే చేపలనీరు వదలుము. ఈ అవకాశమున పంపు పైపునకు విప్పి బిగించుటకు వీలగు యూనియను ఒకటి వేయించుకొనుము, ఇకముందు కోతపని తప్పును.

నీ మిత్రుని కానిస్టరు ఫిల్టరు మూతనొద్ద కారుచున్నదని వ్రాసితివి. నూటికి తొంబదిపాళ్లు ఓరింగుమీది మురికియే దానికి కారణమై యుండును. ఓరింగును తీసి, గాడిని తుడిచి, సిలికాను గ్రీజు పలుచగా రాయుమనుము. వ్యాసలైను రాసినచో కొన్ని జాతుల రబ్బరు ఉబ్బి చెడును. రబ్బరుగొట్టము కొస గట్టిపడి వదులైనచో అంగుళము కోసివేసి, వేడినీట ముంచి మెత్తబరచి ఎక్కించి, స్టీలు క్లిప్పు బిగింపవచ్చును.

కారకుండగనే నేల తడియు సందర్భమొకటి కలదు. కరెంటు పోయినపుడు పంపుపైపు సైఫనుగా మారి, తొట్టినీరు వెనుదిరిగి సంపులోనికి దిగి పొంగును. మన ఊళ్లలో వేసవిలో కరెంటు పోవుట అరుదు కాదు. పైపునకు నీటిమట్టమునకు కొంచెము దిగువగా చిన్న రంధ్రము చేసినచో, అది గాలిపీల్చి సైఫనును తెంచును. ఆ రంధ్రము నాచుపట్టి మూసికొనకుండ అప్పుడప్పుడు చూచుచుండవలెను. నీవే ఒకమారు స్విచ్చు ఆపి, సంపు ఎంతవరకు నిండునో గీతపెట్టుకొనుము. గాలిపంపును నీటిమట్టమునకు పైన ఉంచుము, లేదా నాన్‌రిటర్న్ వాల్వు వేయుము.

పనిజరుగునంతసేపు చేపలను వాని నీటిలోనే బక్కెట్టునకు మార్చి, గాలిగొట్టము వేసి, పైన గుడ్డ కప్పుము. ఫిల్టరు స్పంజిని కుళాయినీట కడుగవద్దు. క్లోరినుచేత అందులోని సూక్ష్మజీవులు నశించును. దానిని తొట్టినీటిలోనే తడిగా ఉంచుము. మరల నింపునప్పుడు పావుతొట్టి నింపి, అతుకులకు మరల చుట్టిన కాగితములు చూచి, తరువాత సగము, తరువాత నిండుగా. రాత్రియంతయు కాగితము పొడిగా ఉన్నచో చేపలను వదలవచ్చును.

ఇంత చేసినను రంధ్రపు అంచునుండి వెండ్రుకవంటి గీత యొకటి గాజులోనికి ప్రాకియున్నట్లు వెలుతురులో కనబడినచో, నేను వ్రాసినదంతయు ఆ తొట్టికి నిష్ప్రయోజనము. దానికి సిలికాను పూయకుము, నీరు పోయకుము. అడుగుగాజు మార్పించుము, లేదా క్రొత్తతొట్టి కొనుము. వాషరు సరిచేసిన పిమ్మట ఏమైనదో వెంటనే వ్రాయుము.

ఇట్లు,
మీ పెదనాన్న